వేట ఆగిన నెలలో జలపాతాలు

నెల్లూరులో టూరు బస్సుల ఆఫీసు. బల్లకు అవతల సీట్లు రాసే అమ్మాయి, ఇవతల మైపాడు నుంచి వచ్చిన జాలరి.

“అరకులో జలపాతాలన్నీ చూపిస్తారా పాపా?”

“నాలుగు చూపిస్తాం పెదనాన్నా. ఎప్పుడు పోతారు?”

“ఈ మే నెల్లోనే. వేట నిషేధం గదా, పడవలు ఒడ్డునే ఉండాయి.”

“మేలో వాటిల్లో నీళ్లుంటాయని చెప్పలేం. వానలు పడినాక పోండి.”

“అప్పుడు వేటకి పోవాల.”

“సరే, ఎంతమంది?”

“ఒక్కడినే.”

“పెద్దమ్మ రాదా?”

“ఆమె పోయి ఆర్నెల్లయింది. ఏటా వేట ఆగంగానే అరకు పోదామని అడిగేది. ఎండాకాలం అక్కడ నీళ్లుండవులేమే అని చెప్పేవాణ్ణి. ఈ ఏడు వేట ఆగింది, అడిగే మనిషి లేదు.”

“మీరు చెప్పింది చాలావరకు నిజమే పెదనాన్నా.”

“నాకేం తెలుసు పాపా? కదల్లేక నోటికొచ్చింది చెప్పినా. పాపం, ఆమె నమ్మింది.”

“మరి ఎండిన రాళ్లు చూసేదానికి అంత దూరం ఎందుకు?”

“నాలుగూ చూపించు. ఒక్కదాంట్లో కూడా చుక్క నీళ్లు లేకుంటే బాగుండు.”