డాక్టరు బ్లేడు

వజ్రపుకొత్తూరు టీ బడ్డీ దగ్గర ఢిల్లేశ్వరరావు నోరు విప్పితే గ్లాసుల్లో టీ చల్లారిపోవాల్సిందే. హైదరాబాదులో ఓ పింగాణీ ఫ్యాక్టరీలో రెండేళ్ళు పనిచేసి ఊరికొచ్చాడు. ఆ మధ్యాహ్నం ఎదురు బల్ల మీద ఇద్దరే ఉన్నారు, జీడితోట నూకయ్య, వరసకు బావైన అసిరయ్య. ఆ వారం కిడ్నీ జబ్బుతో ఊళ్ళో ఇద్దరు పోయారు. ఎవరికీ మాట్లాడబుద్ధి కావడం లేదు, అందుకే అతను మరికాస్త గట్టిగా మాట్లాడుతున్నాడు.

"పింగాణంటే కప్పులూ సాసర్లూ అనుకుంటన్నారేటి? పొడిని జిగురులో కలిపి, మీగడలాగ సేసి, కదిలే ప్లాస్టిక్కు పట్టా మీద పోత్తాం. పైన డాట్రు బ్లేడని ఒకటుంటాది, దాని కిందనుంచి ఎల్లిందంటే పల్సగా పరుసుకుంటాది. ఆరినాక మావిడితాండ్ర లాగ ఊడొత్తాది. కాలిత్తే రేకు. నాను తీసిన రేకు జీడిపప్పు పొట్టుకన్నా పల్సన."

"పొట్టుకన్నానా?" అన్నాడు నూకయ్య.

"పొట్టేటి మావా, దాని అవతలనుంచి పేపరు సదివీవోళ్ళం. ఆ తర్వాత ఏటైందో ఎరికేనా? ఓరోజు మిషను ఆగనేదు. రేకు గేటు దాటీసి రోడ్డెక్కీసింది. పలాస టేసన్నుంచి భావనపాడు రేవుదాకా పరిసినంత పొడుగు. గూడ్సుబండి ఎక్కినా సిల్లు పడనేదు."

నూకయ్య నవ్వబోయి మానేశాడు. అసిరయ్య మాత్రం ముందుకు జరిగాడు. శ్రద్ధగా వినేవాడు దొరికితే ఢిల్లేశ్వరరావుకి ఒళ్ళు తెలీదు.

"అంతెందుకు, నిన్న సెప్పినాను కదా కిడ్నీల సంగతి. పెద్ద డాట్రొచ్చి నా సెయ్యట్టుకున్నాడు. ఈ రేకుకి కంటికి ఆనని బెజ్జాలుంటాయి, రగతం పోత్తే సెడుగంతా పైనుండిపోద్ది. కిడ్నీ కొలతకి పది కోసిచ్చినాను. పదిమంది రోగులూ లేచి ఇంటికెల్లిపోనారు."

అసిరయ్య జేబులోంచి రక్తపరీక్ష కాగితం తీశాడు. భార్య కన్నమ్మది.

"బావా, ఇంక ఇంటికి తీసుకుపొమ్మన్నారు ఆసుపత్రోళ్ళు. నువ్వు డాట్రు బ్లేడు పట్టినోడివి. దీనికీ ఒక రేకు కొయ్యి."

ఢిల్లేశ్వరరావు కాగితం చూశాడు. కిడ్నీ జబ్బు ఇంటింటా ఉన్న ఆ ఉద్దానంలో ఆ అంకెలు అర్థం కావడానికి పెద్ద చదువక్కర్లేదు. సిగ్గేసింది. అంతకు మించి భయమేసింది.

"డాట్రు కాదు బావా. పింగాణీ పిండి సమంగా రాసీ ఇనప పట్టీ పేరే అది. సాయంత్రం దాన్ని కడిగీవోడిని నాను. రేకుని ముట్టుకోనిచ్చీవోరు కాదు."

అసిరయ్య కోప్పడలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అయితే ఒకపాలి ఇంటికి రా బావా. నిన్న నీ మాటిని, నయమైపోద్దని కన్నమ్మకి సెప్పీసినాను. ఇయ్యాల పొద్దున్నే లేచి తల దువ్వించుకుని కూకుంది. కాదని నువ్వే సెప్పాల, నాను సెప్పలేను."