గింజ రాలని మిషను

చోటే మియా జన్మలో ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఈ సంగతి పెబ్బేరు చుట్టుపక్కల అందరికీ తెలుసు, ఎందుకంటే కనిపించిన ప్రతివాడికీ ఆయనే చెప్పాడు. ఆయనకొక వరికోత మిషను ఉంది. నాలుగు టైర్లది, ఒకప్పుడు ఎర్రగా ఉండేది. దాని ముచ్చట మొదలుపెట్టే ముందు టీ గ్లాసు కింద పెట్టి, భుజం మీది తువ్వాలను ఒక్కసారి దులిపి మళ్లీ వేసుకుంటాడు. ఆ తువ్వాల దులపగానే టీకొట్టు తస్లీమ్ ఇంకో గిన్నె పాలు పొయ్యి మీద పెడుతుంది. వినేవాళ్లు ఇప్పట్లో లేవరని ఆమె లెక్క.

ఆ రోజు పొద్దున రాధమ్మ మాత్రం ముచ్చట్లు వినే స్థితిలో లేదు. మూడు రోజుల తుపాను వానకు ఆమె మూడెకరాల వరి నేలకు అతుక్కుపోయింది. వెన్నులు బురదలో ఉన్నాయి. ఇంకో రెండు రోజులు అట్లాగే ఉంటే మొలకలొస్తాయి, ఆ తర్వాత ఆ వడ్లను కొనేవాడుండడు, తినేవాడుండడు. భర్త శ్రీరాములు తెల్లవారకముందే పార పట్టుకుని చేనులో నీళ్లు మళ్లించడానికి పోయాడు. పోతూ పోతూ, “ఎవర్ని పిలుస్తవో పిలువు, రేపటికి కోత కావాలె” అన్నాడు. ఆ భారం నెత్తిన వేసుకుని రాధమ్మ టీకొట్టుకొచ్చింది.

ఆమె ముందు రెండు దారులున్నాయి. మానవపాడు ప్రభుదాసుది చైను మిషను. టైర్ల బదులు కింద వెడల్పాటి పట్టాలుంటాయి, బురదలో దిగబడదంటారు. ఆ మిషనును లారీ మీదికెక్కించి నాగర్‌కర్నూలు దిక్కు పోతున్నాడు. “అక్కా, పెబ్బేరు దాటేలోపల చెప్పు. దిగమంటె దిగుత, లేకుంటె పోత” అని ఫోన్లో చెప్పాడు. రెండోది చోటే మియా మిషను. నాలుగేళ్లుగా రాధమ్మ చేను కోస్తున్నది అదే. ఆయన పక్క గల్లీ మనిషి, ఆపదకు పిలిస్తే పలుకుతాడు. సొంత ఊరివాణ్ణి కాదని బయటివాణ్ణి దింపితే రేపెప్పుడైనా మొహం ఎట్లా చూపించాలి? అందుకని ఆమె నేరుగా అడిగింది.

“చోటే భాయ్, నా చేను పడ్డది, కింద తడి ఉన్నది. నీ మిషను దిగుతదా? గింజ దక్కుతదా? ఉన్నది ఉన్నట్టు చెప్పు.”

చోటే మియా గ్లాసు కింద పెట్టాడు. తువ్వాల దులిపాడు. తస్లీమ్ పాలు పెట్టింది.

“అక్కా, నువ్వు అడిగినవు కాబట్టి ఊకుంటున్న. వేరేటోళ్లు ఈ మాట అడిగితె నా మిషను అలిగి రెండు దినాలు స్టార్టే కాదు. అసలు దాన్ని నేను ఎట్ల తెచ్చిన్నో ఎర్కేనా? షోరూముల నలభై మిషన్లు వరుసగ నిలబెట్టిన్రు. మేనేజరు టై కట్టుకొని వచ్చి ఇంజనంటడు, పవరంటడు, కాగితాలు చూపిస్తడు. నేనన్న, సాబ్, కాగితాలు పక్కకు పెట్టు, నేను పెబ్బేరోణ్ణి, మా అంగట్ల ఎద్దును ఎట్ల కొంటమో మిషనును గట్లనే కొంట అని. చుట్టు తిరిగిన. పండ్లు చూసిన, కాళ్లు చూసిన, వీపు మీద ఒక్కటి చరిచిన. ముప్పై తొమ్మిది మిషన్లు గమ్మున నిలబడ్డయి. ఇదొక్కటే చెవులు నిక్కబెట్టింది.”

“మిషనుకు చెవులెక్కడియి భాయ్?” అన్నాడు బెంచీ మీదున్న తిరుపతి. వాన రాకముందే అతని వడ్లు ఇల్లు చేరాయి కాబట్టి నవ్వడానికి కావలసినంత తీరిక ఉంది.

“పక్క అద్దాలు! గది గూడ తెల్వదా? ఇగ తువ్వాల కింద చెయ్యి పెట్టి బేరం షురూ చేసిన. మన అంగట్ల ధర నోటితోని చెప్పం, వేళ్లు ఒత్తి చెప్తం, అది మేనేజరుకు తెల్వదు. నేను వేలు ఒత్తినప్పుడల్ల ఉలిక్కిపడుతుండు. మూడోపారి ఒత్తెసరికి తాళాలు నా చేతుల పెట్టి, సాబ్, మిషను తీస్కపోండ్రి, నా చెయ్యి ఇడువుండ్రి అన్నడు.”

రాధమ్మకు నవ్వు వచ్చింది కానీ ఆపుకుంది. మిషను కొనే రోజున ఊరంతా ఆయనకేం చెప్పిందో ఆమెకు తెలుసు. కాలువ కింది పొలాలకు చైను మిషను కొనమన్నారు, తడిలో టైర్లు కూరుకుపోతాయన్నారు. టైర్లదైతే లారీ అక్కర్లేకుండా రోడ్డు మీద దర్జాగా తోలుకుపోవచ్చని చోటే మియా దీన్ని తెచ్చుకున్నాడు. కొన్ననాడు పెబ్బేరు నుంచి వనపర్తి దాకా ఉత్తపుణ్యానికి తోలి చూపించుకొచ్చాడు కూడా.

“కొన్న సంగతి సరే భాయ్. తడిల దిగుతదా అంట?”

“తడా? జర నిమ్మళంగ ఇను. పోయినేడు కొల్లాపూర్ దిక్కుకెల్లి ఒక రైతు ఫోన్ చేసి ఏడుస్తుండు. కిష్ణ ఒడ్డున నాలుగెకరాలు, మోకాలిలోతు బురద. అప్పటికే ఒక చైను మిషను దిగి నడుమదాంక మునిగి కూసున్నది. నేను పోయిన. బిస్మిల్లా అని గేరేసిన. ఎంత జోరుగ తోలిన్నంటె అక్కా, మనం వచ్చినమని బురదకు తెల్వకముందే అవతలి ఒడ్డెక్కినం! టైరుకు మన్ను అంటలే. ఆ రైతు ఇంటామె చాయ్ పొయ్యి మీద పెట్టింది, అది పొంగు రాకముందే నాలుగెకరాలు సాఫ్.”

“పొయ్యి ముట్టించిందా లేదా ఆ తల్లి?” అంది తస్లీమ్.

“ముట్టించింది తస్లీమ్ బీ. కట్టెలు తడిసినయి. సరే, ఆ ఎన్క ఏమైందో ఎర్కేనా? బ్రేకేసిన. జోరు మీదున్నది గద, ఆగలే. సీదా పోయి కిష్ణల పడ్డం!”

“యా అల్లా” అని తస్లీమ్ చెంగుతో నోరు మూసుకుంది. భయపడిందో నవ్వు దాచుకుందో తెలియలేదు.

“మునిగిన్రా?” తిరుపతి ముందుకు జరిగాడు.

“మునుగుడేంది? మిషను ముందల గిర్రగిర్ర తిరిగేది ఉంటది గద, వరిని లోపలికి దోసేది? అది తెడ్డు లెక్క నీళ్లను దోసుడు షురూ చేసింది. ఇగ మిషను పడవైంది. నేను స్టీరింగు పట్టుకొని బీడీ ముట్టించిన. పోంగ పోంగ చేపలు! కత్తుల కాడ తలలు తెగుడు, డ్రమ్ముల పొలుసు ఊడుడు, గాలికి ముండ్లు ఎగిరిపోవుడు. ట్యాంకుల ఒక దిక్కు వడ్లు, ఒక దిక్కు చేపలు, ఒకదానికొకటి తాకలే. చేపలు పట్టెటోళ్లు వలలు ఒడ్డున పారేసి, మేమింక ఎందుకు భాయ్ అని చేతులు కట్టుకొని నిలబడ్డరు.”

“వడ్లకు నీసు వాసన పట్టలేదా?” అన్నాడు తిరుపతి.

“పట్టింది. అందుకే ఆ బియ్యం వండితె కూర అక్కర్లేదు.”

బెంచీ మీద ఉన్నవాళ్లంతా ఒక్కసారి నవ్వారు. రాధమ్మ ఫోను మోగింది. బీచుపల్లి బ్రిడ్జి దాటుతున్నానన్నాడు ప్రభుదాసు. ఇక ఎంతోసేపు లేదు. చేనులో ఒంగి పార వేస్తున్న మొగుడు ఆమె కళ్ల ముందు మెదిలాడు. ఈ మనిషి నవ్విస్తాడు, మనసు మంచిది, అడిగినదానికి మాత్రం జవాబు చెప్పడు.

“భాయ్, కొల్లాపూర్ చేపలు నాకెందుకు? నా గింజ సంగతి చెప్పు.”

“గింజ దగ్గరికే వస్తున్న అక్కా. గింజ మంచిగుండాలంటె మిషను లోపలి ఫ్యాను గాలి మంచిగుండాలె. నా మిషను గాలికి వడ్లల్ల పొట్టు రవ్వంత ఉండదు. ఒకనాడు జర ఎక్కువ పెట్టిన. ఆ పొట్టు లేసి, కిష్ణ దాటి, సక్కగ పోయి గద్వాలల మగ్గాల మీద పడ్డది! ఎండకు తళతళ మెరుస్తుంది. నేసెటోళ్లు కొత్త రకం జరీ వచ్చిందనుకొని నేసేసిన్రు. ఆ చీర పెండ్లిపిల్లకు కట్టిన్రు. మెచ్చుకోనోళ్లు లేరు. ఇప్పటికి ఆ చీర ఉతికితె గంజి పెట్టుడు లేదు, దానంతటదే గంజి ఇడుస్తది.”

“మరి పొట్టు గద్వాల దాంక పోతె, గింజ ఎంత దూరం పోతది భాయ్?” అంది రాధమ్మ.

తిరుపతి నవ్వబోయి ఆగిపోయాడు. అంత సూటి ప్రశ్న చోటే మియా కథల్లో ఎవరూ అడగరు. తువ్వాల మరోసారి దులిపి గొంతు పెంచాడు.

“గింజా? నా మిషను గింజ ఇడుస్తదా? వేరే మిషన్ల ఎనుక పిట్టలు గుంపులు గుంపులు పోతయి. నా మిషను సప్పుడు ఇనంగనే పిట్టలు, ఇక్కడ మనకేం లేదని మొఖం తిప్పుకొని పోతయి. ఒక్క పిచ్చుక, కొత్తది పాపం, తెల్వక వచ్చింది. మూడెకరాలు నా ఎనుక తిరిగింది. ఒక్క గింజ దొరకలే. ఆకలికి కండ్లు తిరిగి గట్టు మీద పడిపాయె! నాకు పాపం అనిపిచ్చి రుమాలల చుట్టుకొని వనపర్తి దవాఖానకు ఉరికిన. డాక్టరు నాడి పట్టి చూసి, ఇది ఎవరి మిషను ఎనుక తిరిగింది అన్నడు. నాదే సాబ్ అన్న. గట్ల చెప్పు మరి అని రెండు సీసాల గ్లూకోజు ఎక్కిచ్చిండు. అల్లా కసమ్! ఒక్క గింజ అక్కా. ఒక్క గింజ రాలినట్టు ఎవరన్న చూపిస్తె నేను మీసం తీసేస్త.”

సరిగ్గా ఆ మాట దగ్గర మణెమ్మ వచ్చింది. చంకలో చీపురు, నెత్తి మీద చేట, చేటలో మడిచిన గోనెసంచులు. కోతల కాలమంతా ఆమె పని పరిగె ఏరడం. మిషను కోసుకుపోయిన చేనులో రాలిన వడ్లు ఊడ్చుకుని, చెరిగి, సంచికెత్తుకుంటుంది. ఈ దిక్కున అట్లా రాలినవి ఏరుకున్నవాళ్లవే, రైతు అడగడు. వస్తూనే రాధమ్మ చెయ్యి పట్టుకుంది.

“రాధమ్మా, రేపు నీ చేను కోయిస్తున్నవంట గద. ఎవరెవర్నో పిలువకు తల్లీ, నీకు దండం పెడ్త. మన చోటే మియా మిషనే పెట్టు.”

చోటే మియా మొహం వెలిగిపోయింది. లేచి నిలబడి చుట్టూ చూశాడు. “ఇన్నరా? నేనేమన్న చెప్పిపిచ్చిన్నా? మణెమ్మ నా మిషను ఎనుక నడిచిన మనిషి. ఆమె కంటె ఎవరికి తెలుస్తది? చెప్పు మణెమ్మా, అందరికి ఇనపడేటట్టు చెప్పు!”

పాపం, మణెమ్మ చెప్పింది.

“ఏం చెప్పాలె కొడుకా. ఆ చైను మిషను పోయినంక పొద్దంత ఊడ్చినా చేటెడు గింజలు రావు. నువ్వు కోసిన చేన్ల చీపురు పెట్టిన్నంటె మాపటికి రెండు సంచులు నిండుతయి. పోయినేడు ఈ రాధమ్మ చేన్ల ఏరుకున్న వడ్లే శివరాత్రి దాంక తిన్నం. నీ చెయ్యి సల్లగుండ కొడుకా, నీ మిషను నూరేండ్లు గిట్లనే నడువాలె.”

తిరుపతికి టీ గొంతులో అడ్డం పడి దగ్గు వచ్చింది. ఆ దగ్గుతోపాటు నవ్వు బయటపడింది, ఇక కొట్టంతా నవ్వే. పాలు పొంగిపోయినా తస్లీమ్ చూసుకోలేదు. మణెమ్మ మాత్రం బిత్తరపోయి, “నేను మంచే చెప్పిన గద?” అంది.

రాధమ్మ నవ్వలేదు. పోయినేడు దిగుబడి తగ్గిందని ఆమె విత్తనాల దుకాణానికి పోయి నానా మాటలు అని వచ్చింది. ఆ దుకాణాయన పిల్లల మీద ఒట్టు పెట్టినా నమ్మలేదు, ఈసారి విత్తనం ఇంకోచోట కొన్నది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేసింది. ఆ సిగ్గు వెనకాలే కోపం కూడా వచ్చింది.

“గాలి తగ్గియ్యరాదా భాయ్?” అంది.

“తగ్గిచ్చే పిడి ఇరిగి రెండేండ్లాయె” అన్నాడు చోటే మియా. ఆ పొద్దంతా ఆయన నోట వచ్చిన అతి చిన్న మాట అదే. అందరూ తనవైపే చూస్తుండేసరికి ఉండబట్టలేక మళ్లీ ఛాతీ విరిచాడు. “అయినా అక్కా, ఆ గింజలు నేను కావాలనే ఇడుస్త. గరీబోళ్లు బతకాలె గద. నా మిషనుది దానగుణం. నేనే ఎవరికి చెప్పుకోను.”

“దానం నీది, వడ్లు నాయా?”

చోటే మియా తువ్వాల మీద చెయ్యి వేశాడు, దులపలేదు. నెమ్మదిగా బెంచీ మీద కూర్చుని, చల్లారిన టీ తీసుకుని తాగాడు. ఆయన్ని అట్లా చూస్తే రాధమ్మకు జాలేసింది. నాలుగేళ్ల మనిషి. “పిడి బాగు చేపియ్యి భాయ్. వచ్చే ఏడు చేను ఆరినంక నిన్నే పిలుస్త” అని, మణెమ్మ వైపు తిరిగింది. “నువ్వు రేపు పొద్దుగాల కొడవలి తీస్కొని రా. మిషను మళ్లనీకి మూలలు చేత్తోని కోయాలె, కైకిలి పైసలు నీకే. చీపురు గూడ తెచ్చుకో.”

ఫోను తీసి ప్రభుదాసుకు కలిపింది. “అన్నా, పెబ్బేరు కాడ ఆగు. నా చేన్ల దిగు.”

“దిగుత అక్కా!” ప్రభుదాసు గొంతు లారీ చప్పుడు మీదుగా ఖంగుమంది. “నువ్వేం పరేషాన్ కాకు. నా మిషను సంగతి నీకు తెల్వదు, ఒక్కటంటె ఒక్క గింజ రాలదు. పోయిన వారం మానవపాడుల ఏమైందో ఎర్కేనా...”

“ఆ ముచ్చట నువ్వు చెప్పకు అన్నా” అంది రాధమ్మ. “రేపు మాపటికి మా మణెమ్మ సంచి చూసి చెప్తం.”