అడుగున కుట్టు

కోర్టు వరండాలో ఒకే బెంచీ మీద ఇద్దరున్నారు. బూట్ల ఫ్యాక్టరీకి జిగురు అమ్మినాయన ఒకరు, ఆ డబ్బు ఇవ్వని ఫ్యాక్టరీ యజమాని ఇంకొకరు. ఆ కంపెనీని దివాలా తీయించమని మొదటాయన కేసు వేశాడు.

"జిగురు బాగాలేదంటారా? ఆడలేక మద్దెల ఓడన్నట్టు!"

"ఆ గొడవ డబ్బు కట్టమన్న మీ నోటీసుకు ముందుదే. అలాగైతే కేసు నిలవదట."

"రుజువేదీ? ఇవి మీ బూట్లే, కిందటేడు కొన్నాను. అడుగు ఊడిందా?"

"లోపలి అట్ట ఎత్తి చూడండి."

"ఇదేంటండీ, చుట్టూ కుట్టుంది?"

"మీ జిగురు ఊడిపోతుంటే అన్నిటికీ కుట్లు వేయించాం. ఇంతకీ నోటీసెప్పుడిచ్చారు?"

"...పోయిన నెల."

"ఆ బూటు ఒక్క పూట అరువివ్వండి, జడ్జిగారికి చూపిస్తాను. ఈ అరువు మాత్రం ఎగ్గొట్టను."