నూటాయాభై గ్రెయిన్ల తూటా

కువైట్‌లోని అర్దియాలో గ్యారేజీల పక్కనున్న టీ కొట్టు ముందు, శుక్రవారం మధ్యాహ్నం, రాయచోటి చిన్నపుల్లయ్య కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడంటే ఇక కోతలే కోతలని మాకందరికీ తెలుసు. కానీ ఆ రోజు ఆయన కోతలకు ఒక పని ఉంది. ఎదుటి బెంచీ మీద నూర్ బాషా కూర్చున్నాడు. తన కఫీల్, అంటే పనిలో పెట్టుకున్న అరబ్బు యజమాని, మేం బాబా అని పిలిచేది ఆయన్నే, ఏటా కజకిస్తాన్ కొండలకు జింకల వేటకు పోతే, వెంట పోయి వంట చేసేది ఈ నూర్ బాషానే. ఈసారి తోడుకు ఇంకొకణ్ణి తీసుకుపోవాలట. చిన్నపుల్లయ్య ఆ కఫీల్ వాళ్ళన్న ఇంట్లో డ్రైవరు. పదకొండేళ్లుగా ఇసుక చూసి చూసి ప్రాణం విసిగిపోయిందనీ, ఈసారి ఆ పచ్చటి కొండ ఎక్కి తీరతాననీ పంతం పట్టి ఉన్నాడు.

"బాషా భాయ్, నేను వేటకు కొత్త కాదప్పా. మీ పెద్దబాబా ఇంటికి రాకముందు, పాత కఫీల్ దగ్గర ఉన్నప్పుడు ఒకేడు నన్ను తీసకపోయినాడు. ఎక్కువ చెప్పను, కాల్చింది ఒక్క జింకనే. కానీ వేటంటే తుపాకీ కాదు భాయ్, తూటా బరువు. నూరు గ్రెయిన్ల తూటా ఉండాదే, అది బలే ఉరుకుతాది, ఉరికి ఏం లాభం? ఎముక తగిలిందంటే అక్కడే చెదిరిపోతాది, జింక గాయంతో అడివిలో పడిపోతాది, పాపం మనకు. నూటెనభైది బరువు. దూరం పోయే కొద్దీ కిందికి దిగిపోతాది. మధ్యన నూటాయాభై. తులం బంగారం కన్నా రొంత తక్కువ తూగుతాది."

"తూకం ఎట్ల తెలుస్తాదిన్నా?" అన్నాడు సుధాకర్. వాడు పక్క గ్యారేజీలో పెయింటర్.

"అరచేతిలో పెట్టుకుంటే సాలు రా! పెట్టె మీద రాసింది నేను సూసేదే ల్యా. ఆ పొద్దు పాత కఫీల్ నూటెనభైది పెట్టబోతాంటే, 'బాబా, ఖలాస్, అది తీసెయ్, ఇది పెట్టు' అన్నా. అంత పెద్దాయన, నా మాట ఇని తుపాకీ నా చేతికే ఇచ్చినాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? జింక రెన్నూర్ల గజాల దూరంలో..."

"రెన్నూర్లా? మొన్న మున్నూరన్నావే," అన్నాడు సుధాకర్.

"మున్నూరు మొదట. నేను తుపాకీ ఎత్తేతలికి అది అవతలి కొండకు దాటుకున్యాది, మూడు కిలోమీటర్లు. గాలి అడ్డం కొడతాంది. నేను వదల్లే. మొండోన్ని కదా! ఊపిరి బిగబట్టి కొట్టినా. తూటా బరువు ఎంత సరిపోయిందంటే భాయ్, తగిలిన సంగతి జింకకే తెలీలే. సచ్చిపోయి కూడా నాలుగు బుక్కలు గడ్డి తిన్యాది!"

"అబ్బ!"

"అబ్బ అంటే సాలదు రా, ఇను. తూటా అంతటితో ఆగిందా? దాన్లో నుంచి దూరి, ఎనకున్న దాన్ని కొట్టి, బండకు తగిలి, మళ్ళుకుని మూడోదాన్ని కొట్టింది. నాలుగోది ఇదంతా సూసి, ఇంగ పరిగెత్తి లాభం లేదని మా గుడారం దాకా తనే నడిచొచ్చి కడాయి పక్కన పండుకున్యాది. తూటా కూడా అక్కడికే వచ్చి పడింది. తుడిచి జేబులో ఏసుకున్నా. నాలుగింటినీ కోసి, బియ్యమేసి మచ్బూస్ వండినా. నలభై మంది, అందరూ పెద్ద పెద్ద అరబ్బులు, ఏళ్ళు నాకినారు. మా బాబా తొడ ఎముక కొరుకుతా నన్ను కౌగిలించుకుని ఏడిసినాడు!"

నూర్ బాషా టీ గ్లాసు కింద పెట్టాడు.

"పుల్లన్నా, కాల్చింది నువ్వేనా?"

"నేనే!"

"ఆ మాంసం మీ బాబా తిన్నాడా?"

"ఎముక కూడా మిగల్చలే!"

"కాల్చేటోడు మా మతపోడై, బిస్మిల్లా అని కాలిస్తేనే ఆ మాంసం మాకు హలాల్. పదైదేండ్లుగా వేటలో వండుతాండా. నువ్వు కాల్చిన జింకను ఏ బాబా ముట్టడన్నా. అట్లాంటిది నలభై మంది తిన్నారంటావా?"

కొట్టు మొత్తం గొల్లుమంది. సుధాకర్ నవ్వు ఆపుకోలేక బెంచీ పట్టుకున్నాడు. చిన్నపుల్లయ్య ముఖం మాడిపోయింది. లేచి పోతాడేమో అనుకున్నాం. పోలేదు. కాలు మీది కాలు దించి, ముందుకు వంగాడు.

"సరే భాయ్. జింకనూ సూడలే, తుపాకీనీ పట్టలే. మా ఇంటి దివానియా సావిట్లో పెద్దోళ్ళు వేట మాటలు చెప్పుకుంటాంటే ఖావా పోస్తా ఇన్నా, అంతే. కానీ నూటాయాభై మాట అబద్ధం కాదు, కావాలంటే మీ బాబాను అడుగు. కొండ సూడల్లనేది కూడా అబద్ధం కాదు. ఉల్లిగడ్డలు తరుగుతా, గిన్నెలు తోముతా, గుడారం మోస్తా. నువ్వు వద్దన్నా మళ్ళా శుక్రవారం వచ్చి అడుగుతా. పై శుక్రవారమూ అడుగుతా."

ఆ గొంతులో ఈసారి కోత లేదు. మాకు నవ్వు ఆగిపోయి, అయ్యో అనిపించింది. నూర్ బాషా కాసేపు గడ్డం గోక్కున్నాడు.

"నూటాయాభై సరే. మా బాబా వాడేదీ అదే. నువ్వే రా. మీ బాబాకు నేను చెప్తాలే."

చిన్నపుల్లయ్య నూర్ బాషా రెండు చేతులూ పట్టుకున్నాడు. కోత ఒక్కటీ కోయలేదు. మేం ఆయన్ను అట్లా చూడటం అదే మొదలు.

"కానీ పుల్లన్నా, ఒక్క సంగతి," అన్నాడు నూర్ బాషా లేస్తూ. "ఆడ పన్నెండు దినాలు గుసగుస కూడా పనికిరాదు. నువ్వు నోరు తెరిచినావంటే, తూటా ఎంత బరువుంటే ఏం, కాల్చేదానికి ఆ దేశంలోనే జింక మిగలదు."