ఆజానుబాహుడు

1984 మార్చి, ఒక శనివారం మధ్యాహ్నం. ఇండియానాలో బాస్కెట్‌బాల్ తప్ప మరో దేవుడు లేని ఒక యూనివర్సిటీ ఊరు. ఆస్పత్రిలో పాథాలజిస్టుగా పనిచేసే డాక్టర్ వాసుదేవరావు, ఆ యూనివర్సిటీ ఆటగాళ్ళకి లెక్కలు చెప్పే అతని భార్య శారద హాల్లో ఉన్నారు. టీవీ నడుస్తోంది గానీ సౌండు లేదు. అతను ఆపకుండా మాట్లాడుతున్నాడు గనక ఆ లోటు తెలియడం లేదు.

"...అందుకే అంటాను, కాలేజీ ఆటే ఆట. ప్రొఫెషనల్ వాళ్ళది ఉద్యోగం. వీళ్ళది పిచ్చి. ఇరవై ఏళ్ళు నిండలేదు, జేబులో పది డాలర్లుండవు, మొహం మాత్రం బ్యాంకు కేలండర్ మీద. నిన్న క్షవరానికి వెళ్తే మన టీమ్ డారెల్ ఫొటోకి క్రిస్మస్ లైట్లు చుట్టి పెట్టారు. మార్చి నెలలో! మనవాళ్ళు సినిమా హీరో బొమ్మకి పాలు పోస్తారంటే వీళ్ళు నవ్వుతారు గానీ..."

"ఏమండీ, టీవీ నోరు నొక్కేసి మీరెందుకు మాట్లాడుతున్నారు?"

"ఆ కామెంటేటర్ నస భరించలేక."

"పోయిన వారం ఆ నస కోసమే కదా, పొయ్యి మీద కూర మాడుతుంటే నన్ను లాక్కొచ్చారు! 'రా రా, నా మాట చెబుతున్నాడు' అని."

"అప్పుడు వేరు."

"చేతిలో ఆ రబ్బరేమిటి?"

"ఏ రబ్బరు? ఓ, ఇదా. గోడ మీద పెన్సిల్ మరకలుంటే... ఊరికే."

"మరకలా! డారెల్ కొలతలవి. మూడు వారాలుగా ఇంటికొచ్చిన ప్రతివాళ్ళనీ చెప్పులు విప్పనివ్వకుండా ఆ గోడ దగ్గరికి లాక్కెళ్ళారు. ఇవాళ మరకలయ్యాయా?"

"పెయింటు పాడవుతుందని, అంతే."

"సరే. మన రేణుని బాస్కెట్‌బాల్ ప్రాక్టీసుకి ఎందుకు పంపలేదు? పైన తలుపేసుకుని కూర్చుంది. వేసవి టీమ్‌లో తొమ్మిదో క్లాసు పిల్ల అదొక్కతే. మానేస్తే ఆ కోచ్ ఊరుకుంటాడా?"

"మ్యాచ్ కలిసి చూద్దామని."

"కలిసి చూడాలంటే కిందికి పిలవాలిగా."

"పిలుస్తాలే. ఇంకా ఇరవై అయిదు నిమిషాలుంది. ఇవాళ గెలిస్తే ఇక నాలుగు టీములే మిగులుతాయి. డారెల్ ముప్పై పాయింట్లు కొడితే..."

"ఆ కవరేమిటి, కుర్చీ కింద? డ్రగ్‌స్టోర్ కవరు కదూ. ఫొటోలు కడిగి వచ్చాయా? చెప్పరేం!"

"పడిపోయినట్టుంది."

"పడిపోయిందా, దాచారా? అబ్బ, చూడండిది! వ్రతం భోజనానికి వచ్చిన డారెల్‌కి మన డైనింగ్ టేబుల్ దగ్గర మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి పాపం. గుత్తివంకాయ తిని ముక్కు కారుతున్నా మళ్ళీ వేయమంటాడు. ఇదిగో శ్యామ్‌సుందర్ గారు. అరవై మైళ్ళు డ్రైవ్ చేసుకొచ్చి ఆ పిల్లాడి నడుం దాకా వచ్చారు! సుమతి చూడండి, కంచిపట్టు కొంగు మీద ఆటోగ్రాఫ్. వాళ్ళాయన ఇంకా సాధిస్తున్నాట్ట."

"తర్వాత చూద్దువుగాని."

"ఇది మీరు టేపు పట్టుకుని స్టూలెక్కింది. ఎంత పొడుగన్నారు?"

"ఆరడుగుల పదంగుళాలు."

"చేతులు చాపితే?"

"ఏడడుగుల అయిదు."

"అవును, అందరూ చప్పట్లు కొట్టారు. రేణు కూడా నన్నూ కొలవమని గోడకి అతుక్కుపోయింది. దానికెంత వచ్చిందీ?"

"గుర్తు లేదు."

"మీకా? పదేళ్ళ కిందటి స్కోర్లు చెబుతారు మీరు!"

"గుర్తు లేదన్నానుగా."

"సరే, అరవకండి. ఇదిగో, వ్రతం తోరం కట్టిన ఫొటో. ఏనుగంత మనిషికి మణికట్టు చూడండి, మన రేణుకున్నంత! తోరం రెండు చుట్లు చుట్టినా మిగిలింది. తన మణికట్టు తనే వేళ్ళతో పట్టుకుని చూపిస్తున్నాడు..."

"ఆ ఫొటో అటు పెట్టు."

"ఎందుకూ?"

"అటు పెట్టు శారదా."

"ఏమయింది? ఆస్పత్రిలో ఏమైనా..."

"ఆస్పత్రిలో ఏం కాలేదు. ఆ ఫొటోలోనే ఉంది. వాడి బొటనవేలూ చిటికెనవేలూ చూడు."

"పొడుగు వేళ్ళు. బంతిని నిమ్మకాయలా పట్టుకుంటాడుగా."

"మణికట్టు చుట్టూ తిరిగి ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. నువ్వు పట్టుకో నీ మణికట్టు."

"ఊఁ... కొసలు తగలడమే కష్టంగా ఉంది."

"నాకూ అంతే. డ్రగ్‌స్టోర్ బయట కారులో కూర్చుని ఇరవై సార్లు పట్టుకు చూశాను. అది ఒక్కటే అయితే ఫరవాలేదు. మనిషి పొడుగు కంటే చేతుల చాపు ఎక్కువ. ఛాతీ మధ్యలో గుంట. సోడాబుడ్డి కళ్ళద్దాలు. అన్నీ కలిపితే దానికో పేరుంది."

"ఏం పేరు?"

"మార్ఫాన్ అంటారు. పుట్టుకతో వచ్చేది. ఒంట్లో అన్నిటినీ పట్టి ఉంచే నార పల్చన. గుండెలోంచి బయలుదేరే పెద్ద రక్తనాళం తడిసిన కాగితంలా ఉంటుంది. పరిగెత్తుతుంటే, ఎగురుతుంటే, రక్తం తోసుకొచ్చి..."

"వచ్చి?"

"చిరిగిపోతుంది."

"అయ్యో రామా! డారెల్‌కా?"

"మూడేళ్ళ కిందట ఒక కుర్రాడు నా టేబుల్ మీదికి వచ్చాడు. ఇరవై రెండేళ్ళు. పార్కులో ఆడుతూ పడిపోయాడు. టేబుల్ చాలక కాళ్ళు బయటికొచ్చాయి. ఛాతీ తెరవక ముందే, వేళ్ళు చూసి చెప్పేశాను నేను. ఒక్క నిమిషం పట్టలేదు. చచ్చినవాడి చేతులు చూస్తే తెలిసింది. బతికున్నవాణ్ణి మన హాల్లో నిలబెట్టి, టేపు పెట్టి కొలిచి, 'ఆజానుబాహుడు' అని పదిమంది చేత చప్పట్లు కొట్టించాను."

"నేనూ అన్నాను కదండీ ఆ మాట. మోకాళ్ళ దాకా చేతులుంటే మహాపురుష లక్షణమని చిన్నప్పట్నించీ వింటూ పెరిగాం. రోగమని ఎవరనుకుంటారు?"

"డాక్టరనుకోవాలి. డాక్టరు స్టూలెక్కి అభిమాని అయిపోయాడు. 'మా కథల్లో రాజులకి ఇలాంటి చేతులుంటాయి' అని వాడికి ఇంగ్లీషులో చెప్పి మరీ మురిసిపోయాడు."

"వాడెంత సంతోషించాడో!"

"సంతోషించి రేడియోలో చెప్పాడు. రేడియో వాళ్ళు పేపరుకి చెప్పారు. అదిగో, టీవీలో కూడా వేస్తున్నారు చూడు, 'ఆర్మ్స్ ఆఫ్ ఎ కింగ్' అని. ఊళ్ళో నాలుగు వేల మంది ఆ మాట టీషర్టు మీద వేసుకు తిరుగుతున్నారు శారదా. వాడి రోగాన్ని చొక్కా మీద అచ్చేయించుకుని తిరుగుతున్నారు. ఆ మాట నాది."

"ఇంకా ఎంత టైముంది?"

"పదిహేడు నిమిషాలు."

"లేవండి. ఫోన్ చెయ్యండి."

"ఎవరికి? వాళ్ళకి టీమ్ డాక్టరున్నాడు."

"ఆయన చూశాడా ఇదంతా?"

"ఆయన మోకాళ్ళు చూస్తాడు. అయినా... అయినా నేనెవర్ని? చచ్చినవాళ్ళ డాక్టర్ని. ఒక ఫొటో చూసి చెబుతున్నాను. తప్పు కావచ్చు."

"తప్పయితే మంచిదేగా!"

"మంచిదా? వాడు లేకుండా ఓడిపోతే? పోయినేడు ఫ్రీ త్రో తప్పిన కుర్రాడి గుమ్మంలో చెత్త పోశారు. వాడు వీళ్ళ పిల్లాడే. మన కిటికీలు మిగులుతాయా? ఎదుటి టీమ్ మీద పందెం కాశాడంటారు నన్ను. సోమవారం ఆస్పత్రిలో అడుగు పెట్టనిస్తారా?"

"పోనీ, నోరు మూసుకుని సోఫాలో కూర్చుందాం. అతను పరిగెడుతుంటే చూద్దామా?"

"శారదా!"

"రెండో సగంలో పడితే? ఊరికి తెస్తే మీ ఆస్పత్రికే తెస్తారేమో. అప్పుడు చెబుతారా పేరు, ఒక్క నిమిషంలో?"

"అలా అనకు."

"బీజగణితం రాదని నా దగ్గర ఏడ్చినవాడండీ. పోయిన వారం బి ప్లస్ వచ్చిందని కారిడార్‌లో నన్నెత్తి తిప్పాడు. ట్రైనర్ పీట్ నెంబరు నా పుస్తకంలో ఉంది. ఆటగాళ్ళకి కట్లు కట్టేది అతనే. హోంవర్క్ సంగతి కనుక్కోవడానికి, ఇవాళ మ్యాచ్ జరిగే ఊళ్ళో స్టేడియం గది ఫోన్ నెంబరు కూడా ఇచ్చి వెళ్ళాడు. మీరు చేస్తారా, నేను చెయ్యనా? నా యాక్సెంటుకి నవ్వితే నవ్వనీ."

"నాకు భయంగా ఉంది."

"నాకు లేదా?"

"నీ భయం వేరు. పైకి చెబితే నిజమైపోతుంది శారదా. చెప్పనంత సేపూ ఫొటో ఫొటోయే."

"పదమూడు నిమిషాలు."

"...తే. ఇలా తే ఫోన్."

"రింగవుతోందా?"

"ఉండు. హలో, పీట్? నేను డాక్టర్ రావుని. శారద భర్తని. అవును, ఆ రాజు చేతుల మాట అన్నది నేనే... కాదు, టికెట్ల కోసం కాదు. పీట్, డారెల్‌ని ఆడించకండి... జోకు కాదు. నేను తాగలేదు. వినండి, అతని గుండె దగ్గర రక్తనాళం... నన్ను పూర్తిగా చెప్పనివ్వండి! ఇవాళ నొప్పేమైనా అన్నాడా?... ఎక్కడ?... వీపులోనా? భుజాల మధ్యనా? ఎప్పట్నించి?"

"ఏమంటున్నాడు?"

"ఉష్. ఐసు కాదు పీట్, ఐసు కాదు! పడుకోబెట్టండి. నడిపించొద్దు. అంబులెన్సు పిలవండి. మీ డాక్టరుకి నా పేరు చెప్పండి, తప్పయితే నాదే తప్పు. రాసుకోండి. ఆర్, ఏ, ఓ... అవును, రావు. వెళ్ళండి, ముందు వెళ్ళండి!"

"చెప్పండి!"

"మొదట నవ్వాడు. నొప్పి సంగతి అడిగాక నవ్వలేదు. పొద్దున్నించీ భుజాల మధ్య ఎవరో చింపుతున్నట్టుందన్నాట్ట. కండరం పట్టిందని ఐసు పెట్టారు."

"దేవుడా. సౌండు పెట్టండి."

"నువ్వు పెట్టు."

"వస్తున్నారు ఆటగాళ్ళు. ఒకటి, రెండు... నలభై నాలుగో నెంబరు లేదు. అయిదుగురిలో లేడు. బెంచి మీదా లేడు!"

"జనం అరుస్తున్నారా?"

"వాడి పేరు పెట్టి అరుస్తున్నారు. ఉండండి, కామెంటేటర్ చెబుతున్నాడు... వీపు నొప్పి, ముందు జాగ్రత్తగా ఆస్పత్రికి తీసుకెళ్ళారు... ఏమండీ, తీసుకెళ్ళారు! విన్నారా?"

"విన్నాను."

"బతికించారు వాణ్ణి."

"ఇంకా తెలీదు."

"టైముకి చెప్పారు కదా. కిటికీలు పోతే పోనివ్వండి, కొత్తవి పెట్టించుకుందాం. ఇంకా ఎందుకలా ఉన్నారు? మంచినీళ్ళు తేనా?"

"వద్దు. ఇక్కడే కూర్చో. నీతో ఒక మాట..."

"డాడీ! డాడీ, డారెల్ ఆడట్లేదు! నా రేడియోలో చెప్పారు! మమ్మీ, టీవీలో చూపిస్తున్నారా? నేను వస్తున్నా!"

"పరిగెత్తకు! రేణూ, ఆగు! పరిగెత్తకు తల్లీ! మెల్లిగా, ఒక్కొక్క మెట్టే..."

"అదేం అరుపండీ! అదెప్పుడూ ఆ మెట్లు మూడేసి దూకుతుంది. 'చూడు నా చాంపియన్' అని మురిసేది మీరే కదా. ఇవాళేమిటి... ఏమండీ?"

"నువ్వెళ్ళి దాని చెయ్యి పట్టుకుని దింపు."

"ఆ గోడ మీద డారెల్ గీతలు అలాగే ఉన్నాయి."

"శారదా."

"మీరు చెరిపింది వాటి కింద గీతలు. రేణువి."

"చెరిపితే పోతుందేమోననుకున్నాను."