మా వదిన ఊదిన మందు

పక్క రూములో బాడుగకుండే నువ్వు కూడా అనేస్తివా ప్రవీణమ్మా, "వయసైంది కదా తాతా, మెల్లగా ఎక్కండి" అని? ఈ మెట్టు మీద రొంతసేపు కూచో, నీ కంపెనీ బస్సు వచ్చేదానికి ఇంకా టైముంది. రెండో అంతస్తు ఎక్కేసరికి నా ఎదలో పిల్లికూతలు మొదలైనాయి, నీకు వినబడినాయి, మంచికే అన్నావులే. అందరూ అనేది అదే. మా కొడుకూ అంతే, కింద రూములో కాపురముండేవాళ్లను ఖాళీ చేయించి నన్ను ఆడ పెట్టల్లని చూస్తా ఉండాడు. నేను పోను. పైన గాలి వస్తాది, కొండ కనబడతాది, నేనెందుకు పోవల? వయసంట, వయసు. ఈ మాట విన్నప్పుడంతా నాకు మా వదినే గుర్తొస్తాది. మా అన్న గుర్రప్ప భార్య, మునిలక్ష్మమ్మ. నువ్వు చూసుండవు, ఆయమ్మ పోయి శానా ఏండ్లయింది.

మాది వేప్పనపల్లి పక్కన పల్లె, హోసూరుకు నేను తర్వాత వచ్చినాను. అన్న చిన్న వయసులోనే పోయినాడు, మామిడితోటంతా వదినే చూసుకునేది. ఏ చెట్టు ఏ సంవత్సరం మోసం చేస్తాదో ఆయమ్మకు తెలుసు. గొంతంటే అట్లాంటి ఇట్లాంటి గొంతు కాదు. తోట ఈ కొసన నిలబడి ఆ కొసన ఉండే కూలోళ్లను పిలిస్తే, రోడ్డు మీద కుప్పం బస్సు డ్రైవరు తననే అనుకొని బ్రేకు వేసేవాడు. నవ్వొద్దు, నేను ఆ బస్సులో ఉన్నాను. అంత గొంతుండే మనిషికి ఉబ్బసం. పెండ్లైన కాన్నుంచీ ఉండాది. పూత కాలంలో దమ్ము పట్టేది, నాలుగు దినాలు కూచోబెట్టేది, మళ్లా పోయేది. అప్పుడు వయసులో ఉన్నింది కాబట్టి ఆయమ్మ దాన్ని లెక్క పెట్టలా. వయసు మళ్లినాక అది పోవడం మానేసింది. పూత రాలిపోయినా దమ్ము పోలా, వానొచ్చినా పోలా. ఆయమ్మ ఏం చేసిందో తెలుసునా? ఎవరికీ చెప్పకుండా నడక తగ్గించేసింది. మొదట ఆ కొస చెట్ల కాడికి పోవడం మానింది, తర్వాత బావి కాడికి. అడిగితే "నాకేం పనప్పా ఆడ" అనేది. మేమంతా ఏమనుకున్నాము? ముసలితనం అనుకున్నాము. ఊరంతా అదే అనుకున్నాది.

మందు లేదనుకోవద్దు, మందుండాది. మాదేశ్, అంటే ఆయమ్మ కొడుకు, హోసూరులో కాపురం ఉండేవాడు, వాడే టౌనుకు పిలుచుకొని పోయి చూపించినాడు. ఆడుండే డాక్టరు నోట్లో పెట్టుకునే పంపు ఒకటి ఇచ్చి, "నోట్లో పెట్టుకొని నొక్కమ్మా" అని అరవంలో చెప్పి, ఇంకో పేషెంటును పిలిచినాడు. వదినకు అరవం బాగానే వచ్చు, ఆ మాటా బాగానే అర్థమైంది. అయితే అమ్మా, మా ఇండ్లల్లో ఆడోళ్లు నోటికి ఆనించుకునే గొట్టం ఒకటే ఒకటి, పొయ్యి కాడ ఊదుగొట్టం. పుట్టినప్పటినుంచి ఊదిన నోరది. పొద్దున్నే మొహం కడుక్కొని, అరుగు మీద తూర్పుకు తిరిగి కూచొని, ఆ పంపు నోట్లో పెట్టుకొని, నొక్కి, ఉఫ్‌మని ఊదేది. మంజు, అంటే కోడలు, ఆదివారం వచ్చినప్పుడు పక్కన నిలబడి "గట్టిగా ఊదత్తా, గట్టిగా ఊదితేనే పనిచేస్తాది" అనేది. నేనూ చూసినాను, నాకూ ఏమీ తప్పనిపించలా. మందంతా వాకిట్లో తిరిగే కోళ్లకు పోయింది. ఆ కోళ్లల్లో ఒక్కదానికీ ఉబ్బసం రాలేదు, అది మాత్రం ఒప్పుకోవల. పంపు వాడినా తగ్గలేదు కాబట్టి ఇది రోగం కాదు, వయసే అని అందరమూ తేల్చేసినాము.

ఇంక మారెమ్మ జాతర సంగతి. మా ఇంటి పద్ధతి ఒకటుండాది. పొంగలి పొయ్యికి కిరసనాయిలు పోయకూడదు, విసనకర్ర విసరకూడదు, ఇంటి పెద్దకోడలు తన ఊపిరితో ఊది మంట లేపల్ల. ఊదిన మనిషిదే ఆ సంవత్సరం ఇంట్లో మాట. కాయ ఎప్పుడు కోసేది, తోట ఎవరికిచ్చేది, అంతా ఆమె చెప్పినట్లే. ఊదలేని దినం గొట్టం తర్వాతి తరం కోడలికి పోతాది, ముందామెకు కొత్త చీర పెట్టి "ఇంక కూచోమ్మా" అంటారు. మర్యాదగానే అంటారులే. ఆ సంవత్సరం మా వదిన పొయ్యి ముందర వంగింది, ఊదింది, దగ్గింది, మళ్లా ఊదింది. పొగ తప్ప మంట లేదు. పెదాలు నీలంగా అయిపోయినాయి. మాదేశే పోయి ఆ చేతిలో గొట్టం తీసి పెండ్లాం చేతికిచ్చినాడు. చీర పెట్టినారు, కూచోబెట్టినారు. వారం దాటకముందే హోసూరు ఇంట్లో వెనక రూముకు తెచ్చి పెట్టుకున్నారు, తోట ఎవరికో గుత్తకిచ్చినారు. కొడుకు చెడ్డోడు కాదు, అమ్మను బాగా చూసుకోవల్లనే వాడి ఆశ. అయితే నేను చూడబోతే ఆ బస్సునాపిన గొంతు "జయరామా, మన తోటలో పూతొచ్చిందా" అని గుసగుసగా అడిగింది. నాకు కడుపు మండిపోయిందమ్మా. ఇప్పుడు చెప్తా ఉన్నా మండుతా ఉండాది.

నేను ఓదార్చబోతే ఆయమ్మ ఏమనింది తెలుసునా? "నన్ను ఆ డాక్టరు కాడికి పిలుచుకొని పో, పనికిరాని మందిచ్చినాడు, నేను కొట్లాడల్ల" అనింది. కొట్లాడేదానికి పోయినాము మేము, వైద్యానికి కాదు. పోతే ఆ కుర్చీలో వేరే డాక్టరమ్మ ఉండాది, ధర్మపురి పక్క పిల్ల. మా వదిన ఆ పంపు తీసి టేబుల్ మీద టక్కున పెట్టి, దీంట్లో ఏముందమ్మా, ఉత్త గాలా, అని మొదలుపెట్టింది. ఒక్కో మాటకూ ఆయాసం, అయినా వదల్లేదు. డాక్టరమ్మ అంతా విని, మీరు ఎట్ల తీసుకుంటారో ఒకసారి చూపించండి అనింది. వదిన నోట్లో పెట్టుకొని, నొక్కి, ఉఫ్‌మని ఊదింది. ఆ పిల్ల కిటికీ పక్కకు తిరుక్కునింది. నవ్వు ఆపుకునేదానికే అనుకుంటా. మళ్లా తిరిగి, మందు ఒక దినం కూడా మీ లోపలికి పోలేదు అవ్వా అని చెప్పింది.

ఆ పిల్ల వచ్చీరాని తెలుగులో నిదానంగా చెప్పింది. వయసైతే ఊపిరి గొట్టాలు బిగుసుకుంటాయంట, పక్కటెముకలు ముందు మాదిరి సాగవంట, ఉబ్బసం ఉండేవాళ్లకు ఆ కష్టం ఇంకా ఎక్కువంట. అది నిజమే, నేను అబద్ధం చెప్పను అనింది. తర్వాత ఒక మాట చెప్పింది, అది నేను మర్చిపోలేదు. "వయసుకు నా దగ్గర మందు లేదవ్వా. ఉబ్బసానికి ఉండాది. రెండూ ఒకటే అని ఎవరు చెప్పినా నమ్మొద్దు." ముసలోళ్లు పంపును గట్టిగా పీల్చలేరు, నొక్కేదీ పీల్చేదీ ఒక్కసారిగా కుదరదు, అందుకని సొరబుర్ర మాదిరి ప్లాస్టిక్ డబ్బా ఒకటి తగిలించి, దాంట్లోకి నొక్కి నిదానంగా లోపలికి పీల్చేది నేర్పించింది. పొగ కాడికి పోవద్దనింది. పూర్తిగా పోదు, నడవగలరు అనింది. "నడిస్తే చాలు" అనింది మా వదిన.

జాతర తిరిగొచ్చేలోపల ఆయమ్మ మేడెక్కి బట్టలారేస్తా ఉండాది. అయినా మాదేశ్ ఒప్పుకోలా, వయసైందమ్మా, ఆడ ఒంటిగా పడిపోతే ఎవరు చూస్తారు, ఈడనే ఉండు అన్నాడు. జాతర దినం వీళ్లు కారులో ఊరు చేరేసరికి, ఆయమ్మ పొద్దున్నే బస్సెక్కి పోయి కుండకు పసుపు పూస్తా ఉండాది. మంజు మంచి పిల్ల, గొట్టం తెచ్చి రెండు చేతులతో అత్త ముందర పట్టింది. జనమంతా చూస్తా ఉండారు. నేనూ అనుకున్నాను, ఇప్పుడు ఊది చూపిస్తాది వీళ్లకు అని. ఆయమ్మ ముట్టుకోలా. "ఆ పొగ నాకు పడదు మంజూ, ఊదేది నువ్వే ఊదు. నా తోట మాత్రం నాకియ్యండి" అనింది. పెద్దోడొకడు గొణిగినాడు, ఊదలేని మనిషికి మనింట్లో మాటెక్కడిది అని. వదిన వాని పక్కకు తిరిగింది. "పొయ్యి ఊదేదానికీ తోట చూసేదానికీ ఏమప్పా సంబంధం? నేను కూచోలేదు. మీరు కూచోబెట్టినారు." గుడి బయట టెంకాయలమ్మే వాళ్లకు కూడా వినబడింది ఆ మాట. మంజు వంగి ఊదింది. గుత్త ముగిసినాక తోట మళ్లా వదిన చేతికొచ్చింది.

ఆ తర్వాత శానా కాపులు కోయించింది. రొంత దూరానికొకసారి నిలబడి నడిచేది, ఆ డబ్బా సంచీలో ఉండేది, పూత కాలంలో మూతికి గుడ్డ కట్టుకొనేది. ఎట్ల పోయిందంటావా? ఉబ్బసంతో కాదు, వయసుతోనూ కాదు. కాయ కోత దినాల్లో పొద్దున్నే తోటలో తిరుగుతా ఉంటే ఆకుల్లో పాము కరిచింది. ఆ కొస చెట్ల కాడ. మేము పోయేసరికి అయిపోయింది. మాదేశ్ తల కొట్టుకొని ఏడ్చినాడు, నా మాట విని హోసూరులో ఉండుంటే మా అమ్మ ఇంకా ఉండేది చిన్నాయనా అని. మంజే వానికి జవాబు చెప్పింది, అత్త కాళ్ల కాడ కూచొని, తల కూడా ఎత్తకుండా. "ఆడ ఉండుంటే ఉండేది. బతికేది కాదు."

...

రేపు నీకు లీవన్నావు కదమ్మా? అయితే పొద్దున్నే నాతో ఆస్పత్రికి రా, ఈ పిల్లికూతలు చూపించల్ల. మా వానికి ఇప్పుడే చెప్పొద్దు.