ఒకటే పంక్తి

రుద్రవరం రెడ్డిగారింట్లో పెళ్లి. అందరి భోజనాలూ అయ్యేదాకా నాదస్వరం వాయించే మామ, డోలు కొట్టే అల్లుడు గొడ్ల కొట్టం పక్కన కూర్చున్నారు.

"పినాంగు దీవి చీనాశెట్టి జాబు రాయించినాడు మామా. వచ్చే నెల అహోబిలం చూసేకి వస్తాండాడంట."

"రానీలేరా. సముద్రం దాటించి మేళం పెట్టించినాడు, ఇంట్లో కూడు పెట్టినాడు."

"ఆ కూడు కాడే వచ్చింది తంటా. కుర్చీ చూపిస్తే ఎక్కకుండా వాకిట్లో చెప్పుల కాడ ఏల కూచుంటివి?"

"అలవాటురా. కాళ్లే ఆడికి పోయినాయి."

"మేమంతా నీ ఎనకే కూచుంటిమి. ఆయప్ప పెండ్లాం బిడ్డలతో వచ్చి నేల మీదనే కూచునె. ఇదేం ఆచారమని మన మాట తెలిసిన గుమాస్తాతో అడిగిస్తే ఏం జెప్తివి?"

"మా ఊర్లో రెడ్డైనా మేళగాడైనా అందరం ఒకటే పంక్తిలో కింద కూచోని తింటామంటి."

"ఆయప్ప నమ్మినాడు."

"కన్నబిడ్డల్ని మన పక్కన కూచోబెట్టినోనికి నిజం ఎట్ల చెప్పేదిరా?"

"ఇప్పుడు మన రెడ్డితో, మనతో ఆ పంక్తిలోనే తినాలంట. అదే రాయించినాడు."

మామ నాదస్వరాన్ని గుడ్డలో చుట్టాడు. లోపల్నుంచి ఎవరో కేక వేశారు.

"మేళమోళ్లూ, ఇంక రాండి! మీ ఇస్తర్లు మీరే తెచ్చుకోండి!"

"జాబు రాయిరా" అన్నాడు మామ, లేస్తూ.

"ఏమని?"

"నాదస్వరమాయన చచ్చిపోయినాడు, రావద్దని."